నడిగుంటలో నీళ్లు తగ్గుతున్నాయి

పోయిన వారం మన బాతులమ్మను పంపుగది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం, పాపం. అప్పటి నుంచీ అక్కడే నిలబడి ఉంది. గనివాళ్లు తవ్వి వదిలేసిన మూడు గుంటలూ నీళ్లు నిండి, చుట్టూ చెట్లు పెరిగి, ఇప్పుడు జనం పిల్లాపాపలతో వచ్చి పడవలెక్కే పార్కు అయ్యాయి కదా. ఆ మూడింట్లో నడిగుంటలో నీళ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. ఎండలు ముదరలేదు, కట్టకు చిల్లు పడలేదు, అయినా తగ్గుతున్నాయి. నీళ్ల నడుమ ఉండే మట్టిదిబ్బ మెల్లగా ఒడ్డుకు అంటుకుంది. ఆ దారినే కుక్కలు తాపీగా నడిచి వెళ్లి బాతులూ నీటికోళ్లూ పెట్టుకున్న గుడ్లు సగానికి సగం తినేశాయి. ఆ పడవలకీ పిట్టలకీ జవాబుదారీ బాతులమ్మే.

పార్కు ఆఫీసరున్నాడే, నీటి దరిదాపుల్లోకి ఎవరొచ్చినా ఈల ఊదే మన ఈల సారు, ఆయన నిన్న మొహం మీదే అనేశాడు. "చేపలవాళ్లు నీ చెయ్యి తడిపి ఉంటారు, నువ్వే తూము ఎత్తుతున్నావు. రేపు పొద్దున నేను నీటిమట్టం చూడ్డానికి వచ్చేసరికి కారణం చెప్పు, లేదంటే తాళాలిచ్చేసి ఇంటికెళ్లు" అన్నాడు. తెల్లారగానే ఆమె గట్టంతా తిరిగి వెతికితే, ఎప్పుడో మూతబడిన పాత పంపుగది తలుపు తీసి ఉంది. లోపల మోటారు ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. గుమ్మం పక్కన ఒక జత చెప్పులున్నాయి. అవి ఆమె మామగారివి.

"మామయ్య చెప్పులు ఇక్కడికెలా వచ్చాయి?" అనుకుంది బాతులమ్మ. మామయ్య ఎందుకొచ్చాడు అని మాత్రం అనుకోలేదు. చెప్పులు వాటంతటవే నడిచొచ్చినట్టు! బుర్ర పనిచేయడం మానేసినప్పుడు ఇలాంటి ఆలోచనలే వస్తాయి. వంగి ఆ చెప్పుల్ని తిప్పి చూసింది. మడమ దగ్గర తను మొన్ననే దారంతో కుట్టిన కుట్టు కూడా ఉంది. ఇంక అనుమానానికి తావెక్కడ?

మామగారు గని నడిచినన్నాళ్లూ ఈ గదిలోనే పంపు నడిపాడు. గుంట అడుగున ఊరే నీళ్లని ఎప్పటికప్పుడు పైకి తోడకపోతే కింద పనిచేసేవాళ్ల గతి ఏమిటి? అందుకని అప్పట్లో ఆయనకి మంచి మర్యాదే ఉండేది. ఇప్పుడు ఆ మనిషికి మతి సరిగా లేదు. టీ తాగి కప్పు కింద పెట్టగానే "ఇవాళ నాకు టీ లేదా?" అంటాడు. లారీ తోలుతూ ఊళ్లు తిరిగే కొడుకుని, అదే బాతులమ్మ మొగుణ్ణి, పట్టుకుని "ఏరా తమ్ముడూ" అంటాడు. పోనీలే, పెద్దవాడు, వయసు అలాంటిది అని ఇంట్లో అందరూ సర్దుకుపోతున్నారు.

వెనకాల ఎవరో ఆయాసపడుతున్న చప్పుడైంది. తిరిగి చూస్తే ఆయనే. చేతిలో బకెట్టు, నిండా నీళ్లు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది.

"కాస్త జరుగమ్మా. గాలి పట్టి ఆగింది, పంపులో నీళ్లు పొయ్యాలి" అన్నాడు, ఆమెను అక్కడ చూడటం రోజూ ఉన్నదే అన్నట్టు.

బాతులమ్మకు కోపం రావాలి. రాలేదు, గుండె కరిగిపోయింది. పాపం, ముసలాయనకి ఇంకా గని నడుస్తోందనే ఉంది. డ్యూటీకి వచ్చాడు. ఇంట్లో వాళ్లు లేవకముందే వచ్చి, పంపు నడిపి, మళ్లీ ఏమీ ఎరగనట్టు వచ్చి కుర్చీలో కూర్చుంటున్నాడన్నమాట.

"మామయ్యా, ఇంటికెళ్దాం రండి" అంది బుజ్జగిస్తూ. "గని మూసేశారు కదా. కింద ఎవరూ లేరు. ఇప్పుడిది పార్కు. మనం పడవలు తిప్పుతున్నాం, మీకు గుర్తు లేదూ?"

"ఎందుకు లేదు, మూసింది నేనేగా" అన్నాడాయన. బకెట్టు కింద పెట్టి, పంపు మీద బిరడా విప్పి, నీళ్లు పోయడం మొదలెట్టాడు. చెయ్యి వణకడం లేదు. ఇంట్లో అన్నం కంచం పట్టుకుంటే వణికే చెయ్యి ఇక్కడ నిలకడగా ఉంది. "కింద ఎవరూ లేరన్నావే, ఆ మాట నువ్వెలా చెప్పగలవు? ఆ రోజు నేనే చెప్పలేకపోయాను."

ఈ మాటలో మతిమరుపు ఎక్కడుందో బాతులమ్మకు దొరకలేదు.

"మామయ్యా, మీరేం మాట్లాడుతున్నారు?"

ఆయన బిరడా బిగించి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. గోడ వైపు చూపించాడు. గోడ మీద పాత చెక్క బోర్డు, దాన్నిండా తుప్పు పట్టిన కొక్కాలు. అదేమిటో గనిలో పనిచేసినవాళ్ల ఇళ్లలో పుట్టిన ఎవరికైనా తెలుసు. కిందికి దిగేటప్పుడు ప్రతి మనిషీ తన బిళ్లని దాని మీద తగిలించాలి. పైకొచ్చాక తీసి జేబులో వేసుకుని ఇంటికి పోవాలి. బోర్డు బోడిగా ఉంటే గుంటలో నరమానవుడు లేడని లెక్క. బోర్డు బోడి అయితేనే పంపు ఆపాలి. ఒక్క బిళ్ల ఉన్నా ఆపకూడదు.

"చివరి రోజు అందరికీ ఒళ్లు మండిపోయింది" అన్నాడు మామగారు. "రేపటి నుంచి పనే లేనప్పుడు ఈ బిళ్ల మాకెందుకు, దీన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగమంటారా అని, పైకి వచ్చినవాళ్లు కూడా బిళ్లలు తీసుకోలేదు. తీసుకున్నవాళ్లు కూడా వెనక్కొచ్చి తగిలించి పోయారు. బోర్డు నిండుగా ఉంది. అన్నేళ్లలో దాన్ని సాయంత్రం పూట నిండుగా చూడటం అదే మొదలు. మేనేజరేమో బండిలో కూర్చుని హారన్ కొడుతున్నాడు. పంపు ఆపు, వాగు గేటు ఎత్తు, రాత్రిలోగా గుంట నిండాలి, లేకపోతే ఇనుము కోసం దొంగలు దిగుతారు అని ఒకటే గోల."

"ఆపేశారా?"

"కేకేశాను. అంచున నిలబడి మూడు వైపులా కేకేశాను. ఎవరూ పలకలేదు. ఆపేశాను. గేటు ఎత్తేశాను." ఆయన బోర్డు మీద ఒక కొక్కాన్ని వేలితో తడిమాడు. "అందరూ ఇళ్లకి చేరారు. ఒక్కడు చేరలేదు."

ఆ ఒక్కడు ఎవరో ఈ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. బాతులమ్మ నాన్న! కునుకు మేస్త్రి అనేవారు ఆయన్ని. పని కాస్త తెరిపిస్తే చాలు, గుంట గోడలోకి తవ్విన పక్క సొరంగంలో చల్లగా నడుం వాల్చి కునుకు తీసేవాడు. గని మూసిన రోజు నుంచి ఆయన కనిపించలేదు. ఊరొదిలి పోయాడన్నారు. ఇంకో చోట ఇంకో సంసారం ఉందన్నారు. పని పోయేసరికి పెళ్లాం పిల్లలు బరువయ్యారని కూడా అన్నారు. తన చిన్నతనమంతా ఆ మాటలు చెవిన పడుతూనే గడిచింది. వీధి చివర నిలబడి, వచ్చే ప్రతి మగవాడి నడకలో నాన్న నడక వెతుక్కునేది. అమ్మ మాత్రం కుట్టుమిషను తొక్కుకుంటూ "పోయినవాడి ఊసు మనకెందుకే?" అనేది, అంతే. ఇంకో ముక్క అడిగితే వీపు విమానం మోత మోగేది.

"నాన్న పారిపోలేదా?" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"నాకు తెలీదు తల్లీ. తెలిస్తే ఈ తిప్పలెందుకు?"

"మరి ఇన్నేళ్లూ?"

"ఇన్నేళ్లూ రోజూ రేపు చెబుదాం అనుకున్నాను. పోలీసులంటే భయం. మీ అమ్మ మొహం చూడాలంటే భయం. ఇప్పుడీ పాడు మరుపొచ్చింది. నిన్న ఏం తిన్నానో తెలియట్లేదు, రేపు ఇది కూడా మరిచిపోతే? నేను మరిచిపోతే ఇంక వాణ్ణి తలుచుకునేవాడు ఎవడున్నాడు?" ఆయన కిటికీలోంచి నడిగుంట వైపు చూశాడు. "సొరంగం నోరు ఎంతో లోతున లేదు. ఇంకో మనిషెత్తు నీళ్లు తగ్గితే కనిపిస్తుంది. చూసేస్తే నాకు నిద్ర పడుతుంది."

బాతులమ్మ అక్కడే ఓ విరిగిన పీట మీద కూలబడింది. ఆలోచనలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఇన్నాళ్లూ తను పడవలు తిప్పింది నాన్న నెత్తి మీదా? పసిపిల్లల్ని ఎక్కించుకుని, "అదిగో చూడండి బాతుపిల్లలు" అని చూపిస్తూ, ఆయన పైనుంచి తెడ్డు వేసుకుంటూ పోయిందా? లేక ఇదంతా ఈయన బుర్రలో పుట్టిన కథా? కొడుకుని తమ్ముడనుకునే మనిషి, జరగనిదాన్ని జరిగిందనుకోలేడా? కానీ ఆ బోర్డూ, ఆ హారనూ, ఆ కేకలూ కళ్లకు కట్టినట్టు చెప్పాడే! నిజమైతే ఎలా? అబద్ధమైతే మాత్రం ఎలా? ఏ వైపు నుంచి చూసినా తల తిరిగిపోతోంది.

ఉన్నట్టుండి ఆమెకు మరో సంగతి తట్టింది. తట్టాక ఇంక ఊరుకోలేకపోయింది.

"మామయ్యా, ఒకటడుగుతాను, నిజం చెప్పండి. మీరు మా ఇంటికి సంబంధం అడగడానికి వచ్చినప్పుడు అమ్మ ముక్కున వేలేసుకుంది. మొగుడు వదిలేసి పోయిన మనిషి కూతురిని, పైసా పెట్టలేని ఇంటి పిల్లని, కావాలని వెతుక్కుంటూ వచ్చి మరీ కోడల్ని చేసుకున్నారు. ఎంత మంచివాళ్లో అని నేనెంత మురిసిపోయానో మీకు తెలుసా! అందుకేనా చేసుకుంది?"

మామగారు గుడ్డని మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

"మొదట అందుకే" అన్నాడు. "తర్వాత కాదమ్మా."

ఆ మాటకి ఏడుపు తన్నుకొచ్చింది ఆమెకు. కోపంతో వచ్చిందా, జాలితో వచ్చిందా అంటే చెప్పలేదు. ఈ మనిషే కదా, తనకి జ్వరమొస్తే మంచం పక్కనుంచి కదలకుండా కూర్చున్నది. ఈ మనిషే కదా, పార్కులో ఉద్యోగం ఉందని తెలియగానే కాళ్లరిగేలా తిరిగి ఇప్పించింది. ఆ మంచితనాన్ని ఇప్పుడేం చేసుకోవాలి? విసిరి పారేయాలా, దాచుకోవాలా?

దూరంగా ఈల వినిపించింది. సారు వచ్చేశాడు. మొదటి గుంట దగ్గర ఎవర్నో అదిలిస్తున్నాడు. ఇంకాసేపట్లో నడిగుంటకి వస్తాడు. ఇప్పుడు పంపు ఆపేసి, గదికి తాళం పెట్టి, "మా మామయ్యకి మతి లేదు సార్, ఆయనే తెలియక నడిపాడు, ఇంక జరగదు" అంటే చాలు. ఉద్యోగం నిలుస్తుంది. నీళ్లు మళ్లీ ఊరతాయి, దిబ్బ మళ్లీ దిబ్బవుతుంది, మిగిలిన గుడ్లయినా పిల్లలవుతాయి. నాన్న మాత్రం, ఉంటే, అక్కడే ఉంటాడు.

పంపు ఆగకపోతే ఇంకో రెండు మూడు రోజుల్లో దిబ్బకి రాచబాట పడుతుంది, కుక్కలు ఒక్క గుడ్డు మిగల్చవు. తల్లి బాతులు ఆ ఖాళీ గూళ్ల చుట్టూ ఎలా తిరుగుతాయో ఆమె చూసింది. మొన్న ఒకటి, గుడ్లు పోయినా, సాయంత్రం దాకా ఆ పెంకుల మీదే పొదుగుతూ కూర్చుంది. అది చూసి ఆ పూట బాతులమ్మకు అన్నం సయించలేదు.

"క్షమించండే" అంది పైకే, కిటికీలోంచి దిబ్బ వైపు చూస్తూ. "ఇవాళ ఒక్క రోజు."

లేచి వెళ్లి స్విచ్చి పైకి నెట్టింది. మోటారు మూలిగింది, దగ్గింది, ఆ తర్వాత అందుకుంది. గొట్టంలో నీళ్లు పరిగెత్తే చప్పుడు గదంతా నిండిపోయింది. మామగారు నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. కోడలు ఆపుతుందనుకున్నాడు గానీ వేస్తుందనుకోలేదు. ఆయన కళ్లలోంచి నీళ్లు జారాయి.

"ఆపవే దాన్ని! నీకూ పట్టిందా పిచ్చి?"

గుమ్మంలో అత్తగారు! జుట్టు చెదిరిపోయి ఉంది, పరిగెత్తుకొచ్చినట్టుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని పేరు. పక్కింటి కూర మాడితే పై వీధి దాకా తెలిసేది ఆవిడ వల్లే. రావడం రావడమే అరుపు అందుకుంది. "మంచం మీద మనిషి లేడు, వీధిలో లేడు, ఎక్కడ పడి చచ్చాడో అని నా ప్రాణాలు పోతుంటే, ఇక్కడ మామా కోడళ్లు చేరి మోటారు నడుపుతున్నారా? ఆ ఈలాయన చూస్తే ఉన్న ఒక్క జీతం పోతుంది, తెలుస్తోందా?"

బాతులమ్మ కదల్లేదు. "నాన్న ఇందులో ఉన్నాడేమో అత్తయ్యా. చూడాలి."

"ఎవరు చెప్పారు?"

"నేనే" అన్నాడు మామగారు. ఆ ఒక్క మాట చెప్పి తల వంచుకున్నాడు. మిగిలింది కోడలే చెప్పింది. బోర్డు సంగతి, బిళ్లల సంగతి, సొరంగం సంగతి. చెబుతున్న కొద్దీ అత్తగారి మొహంలో రంగులు మారాయి. అంతటి నోటిది, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చివరికి గోడ పట్టుకుని నిలబడింది.

"ఇదా మీరు మోసింది?" అంది మొగుడితో, చాలా మెల్లగా. "రాత్రిళ్లు లేచి కూర్చునేవారు, అది ఇందుకా?" తర్వాత వెళ్లి స్విచ్చి కిందికి లాగేసింది. గదిలో చప్పుడంతా ఒక్కసారి ఆగిపోయింది. "ఆయన ఇందులో లేడు. ఆ సాయంత్రం పైకొచ్చాడు. నేను చూశాను."

బాతులమ్మకు ఒక్క ముక్క బోధపడలేదు. "ఏంటత్తయ్యా మీరంటున్నది?"

"మన ఇంటికే వచ్చాడు, వెనక గుమ్మంలోంచి. మోకాళ్ల దాకా బురద. గోలెం దగ్గర కాళ్లు కడుక్కున్నాడు. తడి బట్టలతో పోతే జలుబు చేస్తుందని నేనే చొక్కా ఇచ్చాను."

"వద్దు అత్తయ్యా" అంది బాతులమ్మ. "మామయ్యని ఊరడించడానికి, నా ఉద్యోగం నిలబెట్టడానికి ఇలాంటివి కల్పించకండి. మీకు పుణ్యముంటుంది. నేనింక తట్టుకోలేను."

"కల్పనా? ఆయన్నే అడుగు. నీలం గళ్ల చొక్కా, కొత్తది. తీగ మీద ఆరేస్తే ఎవడో ఎత్తుకుపోయాడని చెప్పాను. వారం రోజులు ఆ దొంగని తిట్టిపోశాడు."

మామగారు తలెత్తాడు. పొద్దున్న తాగిన టీ గుర్తులేని మనిషికి ఆ చొక్కా గుర్తొచ్చింది. "జేబు మీద కుట్టుపువ్వు ఉండేది" అన్నాడు. "మా చెల్లెలు పెట్టిన చొక్కా." తర్వాత ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. "బతికున్నాడా? వాడు పైకొచ్చాడని తెలిసి, ఇన్నేళ్లూ నాతో ఒక్క మాట అనలేదేమే?"

"మీరిది కడుపులో పెట్టుకుని కుమిలిపోతున్నారని నాకు కలొచ్చిందా?" అని ఆవిడ అరిచింది. అరుస్తూనే ఏడ్చేసింది. "ఏనాడైనా నోరు విప్పారా మీరు? విప్పి ఉంటే ఒట్టూ లేదు, గిట్టూ లేదు, ఆ క్షణమే చెప్పేసేదాన్ని కదా!"

ఈల మళ్లీ మోగింది, ఈసారి దగ్గర్లో. గట్టు మీద బూట్ల చప్పుడు వినిపిస్తోంది. ముగ్గురిలో ఎవరూ అటు చూడలేదు.

"మామయ్య మనసులో ఏముందో మీకు తెలీదు, సరే" అంది బాతులమ్మ. "నా మనసులో ఏముందో తెలుసు కదా. వీధి చివర నేను నిలబడటం రోజూ చూసేవారు కదా. మీ ఇంట్లోకి పిలిచి, రొట్టె చేతిలో పెట్టి పంపేవారు. అప్పుడైనా నాకు చెప్పొచ్చు కదా అత్తయ్యా. ఎవరికేసిన ఒట్టు అది? నాన్నకా?"

అత్తగారు కొంగుతో కాదు, అరచేత్తోనే మొహమంతా గట్టిగా తుడుచుకుంది. కోడలి కళ్లలోకి చూడలేక ఆవిడ చూపు నేల మీదే ఉండిపోయింది.

"మీ అమ్మకి" అంది. "ఆ సాయంత్రం మీ నాన్నని మా ఇంట్లోంచి తీసుకెళ్లి ఊరు దాటే బండెక్కించింది ఆవిడే."